సెట్టి సోడాలు, అవ్వ ఒట్టు

నా కండక్టరు ఉద్యోగంలో నేను చించిన టికెట్లన్నీ వరుసగా అతికిస్తే ప్రొద్దుటూరు నుంచి కాశీ దాకా దారి పొడుగునా పరచవచ్చు. లెక్క వేసి చెబుతున్న మాట కాదిది. కాదని తేల్చినవాళ్లు కూడా ఇంతవరకు ఎవరూ లేరు. కొత్తగా తోలుసంచి భుజాన వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో కూడా ప్యాసింజర్లు ఇంత మొండిగా ఉండేవాళ్లా?" అని అడుగుతుంటారు. వాళ్లకు నేను పులివెందుల పెండ్లిబస్సు సంగతి చెబుతాను. చెప్పినప్పుడల్లా అది కొంచెం పెరుగుతోందని మా ఇంట్లోవాళ్ల ఆక్షేపణ. ఇక పెరగకుండా కాగితం మీద కట్టిపడేద్దామని ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో చీమల సంగతి ఒక్కటి వదిలేసి మిగిలినదంతా మీరు నమ్మవచ్చు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. బస్సులింకా ప్రైవేటు ఆసాములవే. నాకు ఇరవై రెండేళ్లు. మా ఓనరు ప్రొద్దుటూరు సెట్టి. ఆయనకున్నది ఒకటే బస్సు. ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, మళ్లీ అదే దారిన తిరిగి రావాలి. ముద్దనూరు దాటాక ఎత్తు వచ్చిందంటే జనం దిగి నడిచేవాళ్లు. అలా నడిచినవాళ్లు పైకి చేరి, నీడ చూసుకుని కూర్చుని, ఒక బీడీ కాల్చి, మేము ఇంకా రాలేదేమా అని వెనక్కి దిగి వచ్చి చూసిన రోజులు కూడా ఉన్నాయి. డ్రైవరు సాయెబుకు యాభై దాటాయి. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన మాట్లాడటమే తక్కువ. మాట్లాడితే ఇంజను కూడా చప్పుడు తగ్గించి వినేదని పేరు.

మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. సారాయి తాగినా నేరమే, మోసినా నేరమే. మోసిన మనిషితో పాటు మోసిన బండినీ పట్టుకునేవాళ్లు. ఒకసారి వేరే ఆసామి బస్సులో ఒక పెద్దమనిషి ఒళ్లో పెట్టుకున్న మజ్జిగ ముంతలో ఉన్నది మజ్జిగ కాదని తేలింది. ఆ బస్సు రెండు నెలలు స్టేషను ముందర నిలబడిపోయింది. సీట్ల కింద కోళ్లు గుడ్లు పెట్టి పొదిగాయి. అది కళ్లారా చూసి వచ్చిన మా సెట్టికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"రేపట్నుంచి మన బస్సులోకి చెంబు రాకూడదు, ముంత రాకూడదు, సీసా రాకూడదు. తాగేది ఏదైనా సరే, కింద పెట్టి ఎక్కాల."

"మరి దప్పికైతే ఏం చేస్తారు సెట్టిగారూ?"

"బస్సులో సోడాలు పెడతాండా. కొనుక్కోని తాగుతారు."

సోడా ఫ్యాక్టరీ ఆయన బావమరిదిదని నాకు తర్వాత తెలిసింది. చట్టానికి భయపడి చేసిన పనిలో బావమరిదికి కూడా మేలు జరిగితే తప్పేముందని సెట్టి అభిప్రాయం. డ్రైవరు వెనక సీటు ఒకటి పీకించి, అక్కడ గోలీ సోడాల పెట్టెలు పెట్టించాడు.

"చంటిబిడ్డల పాలో?" అని అడిగాను.

సెట్టి చాలాసేపు ఆలోచించాడు. "తల్లి దగ్గరుంటే సరే. చెంబులో ఉంటే కాదు" అన్నాడు.

ఆ రోజు నుంచి టికెట్లు చించడం కన్నా మూతలు తీసి వాసన చూడటమే నాకు పెద్ద పని అయింది. ఆరు నెలలు తిరిగేసరికి నా ముక్కు ఎంత ఆరితేరిందంటే, మజ్జిగ వాసన చూసి అది ఆవుదో ఎనుముదో, ఎనుముదైతే ఆ పూట అది ఏం మేసిందో చెప్పగలిగేవాణ్ణి. ఒకాయన లాంతరు నిండా సారాయి పోసుకొచ్చాడు. కిరసనాయిలు వాసన రాని లాంతరును నేను అంతకు ముందు చూడలేదు, దించేశాను. ఇంకొకాయన తనది కషాయమన్నాడు. ఏ రోగానికని అడిగితే, "నిన్ను సూస్తే వచ్చే రోగానికి" అన్నాడు. ఆయన్నీ దించేశాను. "సొంత బావి నీళ్లు సొంత చెంబులో తాగేకి మీ సెట్టి పర్మిషను యాంది?" అని జనం తిట్టేవాళ్లు. నేను మాత్రం రూలు రూలే అనేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసులో చేతికి ఒక రూలు దొరికితే మనిషి ఎంత ఎత్తు పెరుగుతాడో నాకు తెలుసు. మీలో కొందరిని ఇప్పుడు చూస్తూనే ఉన్నాను.

ఆ ఎండాకాలంలో ప్రొద్దుటూరు పక్క పల్లె నుంచి ఒక ఆసామి పెండ్లిబస్సు మాట్లాడుకోవడానికి వచ్చాడు. కొడుకు పెండ్లి. ఆడపెండ్లివారిది పులివెందుల అవతల పల్లె. వెళ్లిన రోజు సాయంత్రమే ఎదురుకోలు, మరునాడు పొద్దున తాళి, ఆ మరునాడు తిరుగు ప్రయాణం. అన్నాళ్లూ బస్సు అక్కడే ఉండాలి.

ఈ పెండ్లి వెనక ఉన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. మీకు మాత్రం ముందే చెబుతాను. పెండ్లికొడుకు అవ్వకు, అంటే ఆ ఆసామి తల్లికి, ఆడపెండ్లివారి ఇల్లే పుట్టిల్లు. పెండ్లికూతురు ఆమె అన్నగారి మనవరాలు. ఇరవై ఏళ్ల కిందట ఒక తిరునాళ్లలో బండలాగుడు పందెం పెట్టారు. అన్న ఎద్దులూ, చెల్లెలి ఎద్దులూ బరిలోకి దిగాయి. అన్న ఎద్దులు బండను జానెడు ఎక్కువ లాగాయని కొందరు, కొలతాడు సాగదీసి కొలిచారని కొందరు. తాడు పట్టుకున్నవాడు అన్నే. ఆ సాయంత్రం చెల్లెలు అన్న నట్టింట్లో నిలబడి, "నీ ఇంట్లో ఇంక గుక్కెడు నీళ్లు ముట్టను, నా ఎద్దుల మీద ఒట్టు" అని చెప్పి వచ్చేసింది. తర్వాత రెండిళ్ల మధ్య రాకపోకలే లేవు. ఇన్నేళ్లకు మనవడికి అన్న మనవరాల్నే చేసుకోవాలని పట్టుబట్టి, తెగిపోయిన చుట్టరికాన్ని మళ్లీ కలుపుతున్నది కూడా ఆ అవ్వే. పెండ్లికి వస్తుంది, కూర్చుంటుంది, అక్షింతలు వేస్తుంది. ఒట్టు మాత్రం తప్పదు.

బయలుదేరే రోజు అవ్వ రెండు కడవలతో వచ్చింది. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో మజ్జిగ. మూతులకు తెల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. మనిషి పిడికెడంత ఉంది. గొంతు మాత్రం మా బస్సు హారను కన్నా మెరుగు.

"ఇవి ఎక్కకూడదవ్వా" అన్నాను.

"ఏం? వాటికి కూడా టికెట్టు కొట్టు."

"తాగేవి తేకూడదు. రూలు."

"ఎవురు పెట్నారు?"

"సెట్టిగారు."

"మీ సెట్టి మాతోపాటు పెండ్లికి వస్తాండాడా?"

"లేదవ్వా."

"ఆయప్ప రానప్పుడు ఆయప్ప రూలు ఎందుకు వస్తాది?"

బస్సంతా నవ్వింది. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. పెండ్లికొడుకు తండ్రి నన్ను పక్కకు పిలిచి, "ఈ ఒక్కసారికి పోనీలేప్పా. మా యమ్మ కత వేరే ఉండాది" అన్నాడు. ఆ కత ఏందని నేను అడిగి ఉంటే ఈ రోజు ఇది రాసే అవసరమే ఉండేది కాదు. అడగలేదు. గుడ్డ విప్పి వాసన చూశాను. ఎనుము మజ్జిగ, నిక్షేపంలా ఉంది. అయినా దించేశాను. నీళ్ల కడవ కూడా దించేశాను. బస్సు మూడు రోజులు తమదే కదా అని పెండ్లివాళ్లు వాదించారు. మీరు మాట్లాడుకున్నది బస్సును గానీ రూలును కాదని నేను వాదించాను. శుభమా అని బయలుదేరుతూ తగాదా ఎందుకని చివరికి వాళ్ల పెద్దలే సర్దుకున్నారు. కడవలు రెండూ బస్‌స్టాండు పక్కన తమలపాకుల కొట్టు ముందర ఉండిపోయాయి.

"సోడాలున్నాయి గదవ్వా, ఎన్ని కావాలంటే అన్ని" అన్నాను.

"దుడ్లిచ్చి గాలి తాగాల్నా?" అని ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ రోజు ఎండ ఎలాంటిదంటే, జమ్మలమడుగు చేరేసరికి పెండ్లికొడుకు నుదుటి మీది బొట్టు ఎండి పెళుసై ఒళ్లో రాలింది. సోడాల గోలీలు టపటపమని ఒకటే మోత. పెండ్లికొడుకు తరపు బావలు పందెం వేసుకుని తాగారు. త్రేన్పులకు బస్సు ఊగింది. సెట్టి ఉండి ఉంటే ఆనందంతో బావమరిదిని కౌగిలించుకునేవాడు. ముద్దనూరు రైలు గేటు దగ్గర గూడ్సు బండి కోసం ఆగినప్పుడు చూస్తే పెట్టెలో ఒక్క సీసా మిగిలింది. అది అవ్వకు ఇచ్చాను. గోలీ లోపలికి పోయిన చప్పుడుకు ఆమె ఉలిక్కిపడింది. ఒక గుక్క తాగగానే అది ముక్కులోకి ఎక్కింది. సీసా నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఇది దప్పిక తీర్చేది కాదు పిల్లోడా. దప్పికతో తగాదా పెట్టుకునేది" అంది.

దిగి ఎవరింట్లోనైనా నీళ్లు అడిగి తెస్తానన్నాను. ఈలోగా గేటు తీశారు. ఇంజను ఆపితే మళ్లీ లేవదని మామ భయం. కదిలిపోయాము.

గేటు దాటాక మామ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, బండలాగుడు పందెం దగ్గర నుంచి ఒట్టు దాకా మొత్తం చెప్పాడు. ఆ తిరునాళ్లకు జనాన్ని మోసిన బండి ఆయనదేనట. 

"ముందే చెప్పొచ్చు గదా మామా?"

"నువ్వు రూలు చెప్తాంటివి. మధ్యలో మాట్లాడటం మర్యాద కాదని ఊరుకుంటి."

పొద్దు వాలుతుండగా చేరాము. ఎదురుకోలు ఊరి బయట జరపాల్సింది. ఎండలో నిలబెట్టడం ఎందుకని ప్రహరీ లోపల, ఇంటి ముందర వేసిన చలువ పందిట్లోనే ఏర్పాటు చేశారు. మేళం, పన్నీరు, బిందెల నిండా పానకం. అవ్వ అన్నగారు కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. మీసాలు తెల్లగా దూది పెట్టినట్టు ఉన్నాయి. చెల్లెలి చేతుల్లోనూ, ఆమె వెనక ఉన్నవాళ్ల చేతుల్లోనూ కడవ లేదని చూసి ఆయన ముఖం పెండ్లిపందిరిలా వెలిగింది. ఎందుకో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

తానే గ్లాసులో పానకం పోసి ఆమెకు అందించాడు. "తాగు పాపా."

"నీళ్లు ఎవురివన్నా?" అంది ఆమె.

"నావే. నువ్వు తేలేదు గదా."

"తేలేదు కాదు, తేనియ్యలేదు."

సంగతి ఏమిటంటే, వాళ్ల మధ్య ముందే ఒక రాజీ కుదిరి ఉంది. బెల్లం అన్న ఇంటిది, నీళ్లు చెల్లెలివి. ఆమె తెచ్చుకున్న నీళ్లలో ఆయన బెల్లం కలిపి ఇస్తే ఇటు ఎదురుకోలూ జరుగుతుంది, అటు ఒట్టూ నిలుస్తుంది. దానికోసం పెండ్లికొడుకు తండ్రి నాలుగు నెలలు ఈ ఊరికీ ఆ ఊరికీ తిరిగాడు. ఆ నాలుగు నెలల రాజీని నేను తమలపాకుల కొట్టు ముందర దించేసి వచ్చాను.

కడవ లేకుండా వచ్చిందంటే ఒట్టు వదిలేసి వచ్చిందనుకున్నాడు ఆ పెద్దాయన. గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇరవై ఏండ్లకు వచ్చినావు. మనవరాల్ని ఇస్తాండా. ఇంకా ఒట్టేంది?"

"మనవరాలు వేరే, ఒట్టు వేరే. పిల్లను ఇస్తే కొలతాడు పొడుగు మారతాదా?"

మేళం ఆగిపోయింది. కొలతాడు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. రెండు పక్షాల కుర్రాళ్లూ తువ్వాళ్లు భుజాల మీద నుంచి తీసి నడుముకు బిగించారు. కిటికీ వెనక పసుపు పూసిన ముఖం ఒకటి కనిపించింది. పెండ్లికూతురు. ఏడవడానికి సిద్ధంగా ఉంది గానీ ఎవరి మీద ఏడవాలో తెలియక చూస్తోంది.

పెద్దాయన గ్లాసు బిందె మీద పెట్టాడు. "నా చెల్లెలు తాగందే ఈడ ఎవురూ తాగొద్దు. ఎవురూ తాగందే పెండ్లికొడుకు నా గడపలో కాలు పెట్టొద్దు. రేపు ముహూర్తం దాటిపోతే పోనీ. కూర్చోండి అందరూ."

పక్కింటి నీళ్లు తెద్దామని ఎవరో అన్నారు. నా చెల్లెలికి పక్కింటోళ్లు నీళ్లియ్యాల్నా అని ఆయన ఒక్క చూపు చూశాడు. ఊరి బావి నీళ్లన్నారు. ఆ బావి కూడా ఆయన తవ్వించిందేనట. అవ్వ మాత్రం బల్ల మీద నిటారుగా కూర్చుంది. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. పెండ్లికొడుకు తండ్రి నన్ను చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను మెల్లగా బస్సు దగ్గరికి జారుకున్నాను. మామ చక్రానికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"నీ రూలు ఇంకోసారి చెప్పు బేటా" అన్నాడు.

"ఎగతాళి చెయ్యొద్దు మామా."

"చెప్పు."

"బయట తాగేవి బస్సులోకి తేకూడదు."

"ఎందుకు?"

"బస్సు సెట్టిది కాబట్టి."

"ఆ పెద్దాయనది కాదు గదా?"

"కాదు."

"బస్సు నిలబడిన రోడ్డు?"

"సర్కారుది."

మామ బీడీ పారేసి కాలితో నలిపాడు. ఇంక ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ఆలోచన నాదేనని పాతికేళ్లు ఊరూరా చెప్పుకున్నాను. మామ ఉన్నన్నాళ్లూ కాదనలేదు. ఇప్పుడు ఆయన లేడు, కాబట్టి నేనే చెప్పాలి. ఆయనదే.

పరుగున పందిట్లోకి పోయి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. "పెద్దాయనా, అవ్వ ఒట్టు పెట్టుకున్నది మీ ఇంట్లో ముట్టనని. బస్సు మీ ఇల్లు కాదు. అవ్వను బస్సులో కూర్చోబెట్టి పానకం ఇస్తే ఒట్టుకేం నష్టం?"

 అందరూ పురోహితుడి వైపు చూశారు. ఆయన కండువా సర్దుకుని, "శాస్త్రంలో బస్సు ప్రస్తావన ఎక్కడా లేదు. కాబట్టి నిషేధమూ లేదు" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమప్పా, పొద్దున నా మజ్జిగ ఎక్కకూడదంటివే. ఇప్పుడు మా అన్న పానకం ఎట్లెక్కుతాది?"

"ఈ పూట రూలు లేదవ్వా."

"పొద్దున ఉన్న రూలు పొద్దుగూకేలోపల యాడికి పాయె? నాకొక రూలు, మా అన్నకొక రూలా? ఈడ కూడా ఆయప్పదే జానెడు ఎక్కువనా?"

పెద్దాయన మీసాల చాటున నవ్వడం నేను చూశాను. నాకు మాత్రం వేరే దారి లేకపోయింది. రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందవ్వా" అన్నాను.

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "పర్వాలేదు. పొద్దుటి కంటే రొంత పొట్టిగా ఉండావు" అని లేచి, నడిచి వెళ్లి బస్సెక్కింది.

ఆయన కూడా వెనకాలే వచ్చాడు, చెంబు నిండా పానకంతో. మా బస్సు మెట్టు ఎత్తు. ఇద్దరు మనుషులు నడుము పట్టి పైకి ఎత్తితే గానీ ఎక్కలేకపోయాడు. చెంబు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చెల్లెలి పక్కన కూర్చుని గ్లాసులో పోశాడు.

"మూత తీసి వాసన సూడు పిల్లోడా. సారాయేమో" అంది అవ్వ నాతో.

"వద్దులే అవ్వా."

"సూడు. మీ సెట్టికి నువ్వేం జవాబు చెప్పుకుంటావు?"

చూశాను. బెల్లం, యాలకులు, మిరియాలు. పిల్లలారా, నా ఉద్యోగంలో అంత సిగ్గుతో వాసన చూసిన చెంబు ఇంకొకటి లేదు.

ఆమె ఒక గ్లాసు తాగింది. ఇంకొకటి పట్టింది. నాలుగు గ్లాసులు తాగాక మూతి తుడుచుకుని, "మిరియాలు ఎక్కువైనాయి" అంది.

"మీ వదిన కలిపింది."

"తెలుస్తానే ఉండాది."

కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపాడు. మేళం మొదలైంది. పందిట్లో గ్లాసులు కదిలాయి. మరునాడు పొద్దున ముహూర్తానికి తాళి పడింది. పెండ్లికూతురు ఆ ఏడవాల్సిన ఏడుపేదో తాళి కట్టేటప్పుడు ఏడ్చేసి తేలికపడింది.

సంగతి అంతటితో అయిపోయిందని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, నా తెలివికి, అంటే మామ తెలివికి, మురిసిపోతూ కూర్చున్నాను. అయితే ఒట్టు నీళ్ల మీద గానీ అన్నం మీద కాదు. ఆ తేడా అవ్వ బాగా ఎరుగును. "కూడు సంగతి నేనేమీ అనలే" అని బంతిలో కూర్చునేది. ఆ ఇంటి వంటలో కారం మామూలు కారం కాదు. నాలుగు ముద్దలు తినేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని పందిరి దాటి, ప్రహరీ దాటి, రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కేది. వెనకే చెంబుతో అన్న. నీళ్లు తాగించాక ఇద్దరూ దిగి మళ్లీ బంతిలోకి. పచ్చడి కలుపుకోగానే మళ్లీ బస్సు. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తళ్లు పక్కకు జరిపి వాళ్లకు దారి వదిలేవాళ్లు. రాత్రి నిద్రలో దప్పికైనా బస్సే, వక్క నమిలినా బస్సే. మేము బస్సు అంగుళం కదిలించడానికి వీల్లేకపోయింది.

ఇక చీమలు. మొదటి రోజు ఒలికిన పానకానికి సీట్ల కింద చీమలు పట్టాయి. మొదట ఆ ఊరివి, తర్వాత పక్క ఊళ్లవి. రెండో రోజు పొద్దున మామ బ్రేకు వదిలితే ఇంజను స్టార్టు చేయకుండానే బస్సు రెండడుగులు ముందుకు జరిగింది. మోసింది చీమలేనని నా నమ్మకం. మామ మాత్రం రోడ్డు వాలుగా ఉందన్నాడు. ఏమైనా ప్రొద్దుటూరు తిరిగి వెళ్లాక సెట్టికి ఆ చీమలే సాక్ష్యం చెప్పాయి. తీపి ఎలా ఎక్కిందని ఆయన అడిగాడు, నేను దాచలేదు. నెల రోజులు నన్ను బస్సు ఎక్కనివ్వలేదు. నెల తర్వాత పిలిచినప్పుడు చంటిబిడ్డల చెంబును రూలులోంచి తీసేశాడు. మిగతాది అలాగే ఉంచాడు. బావమరిది బతికే ఉన్నాడు కదా.

అయితే అది తర్వాతి మాట. తాళి కట్టిన రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను.

పెద్ద బంతి నడుస్తోంది. మిరపకాయలు దంచిన ఊరిబిండి పచ్చడి వడ్డించగానే అవ్వ లేచింది. బస్సెక్కి తన సీట్లో కూర్చుంది. అన్న చెంబుతో వచ్చాడు. ఎత్తి ఎక్కించే మనుషులు ఆ పూట వడ్డనలో ఉన్నారు. ఆయన కర్రను చక్రానికి ఆనించి, కమ్మీ పట్టుకుని, మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు లేపబోయేసరికి మోకాలు మడతపడింది. మనిషి కమ్మీకి వేలాడిపోయాడు. నేను ఉరికి చంకల కింద పట్టుకున్నాను. అంతలోనూ చెంబున్న చెయ్యి పైకెత్తే ఉంచాడు. చుక్క ఒలకలేదు. ఆయన ముఖం మాత్రం నొప్పికి నల్లబడింది.

అవ్వ సీట్లోంచి అంతా చూసింది.

"ఆ మోకాలు ఎప్పట్నుంచి అట్లుండాది?"

"పదేండ్లు దాటె."

"నాకెవురూ చెప్పలే."

"చెప్పేకి నువ్వు యాడ వస్తివి?"

ఆమె లేచి వచ్చి, మెట్టు దగ్గర వంగి, అన్న చేతిలోంచి చెంబు తీసుకుంది. తాగుతుందేమో అనుకున్నాను. తాగలేదు. చెంబుతోనే బస్సు దిగి ఇంటి వైపు నడిచింది. మేమిద్దరం, ఆయన నా భుజం పట్టుకుని, ఆమె వెనక నడిచాము. ప్రహరీ దాటింది, పందిరి దాటింది. బంతిలో తింటున్నవాళ్లు చేతులు విస్తళ్లలో పెట్టి చూస్తున్నారు. గడప దాటి నట్టింట్లోకి వెళ్లి, దూలం కింద నేల మీద చతికిలబడింది.

"రా అన్నా. కూర్చో ఈడ" అంది. "నిన్ను ఇంకోసారి ఆ మెట్టెక్కిస్తే నాకు పుట్టగతులుండవు."

ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. ఆమె చెంబు ఎత్తింది.

"ఒట్టో?" అన్నాడు ఆయన మెల్లగా.

"ఎద్దుల మీద గదా పెట్నాను. అవి పోయి శానా ఏండ్లాయె. పాపం, ఇంకా ఎన్నాళ్లు మోస్తాయి?"

చెంబు ఎత్తి, ఆగకుండా, గటగటమని ఖాళీ అయ్యేదాకా తాగింది. ఆయన ఇంకో చెంబు తేవడానికి నేలకు చేతులు ఆనించి లేవబోయాడు.

"కూర్చో నువ్వు" అని ఆమె తనే లేచింది. నీళ్లకుండ ఏ మూల ఉంటుందని ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్లింది.